పక్కనే శత్రువు ఉన్నప్పుడు మంత్రం వేయడం: డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట, ఐదో ఎడిషన్

మంత్రం వేసిన ప్రతిసారీ పక్కనున్న ఓర్క్ మంత్రగాడైన మీ విజర్డ్‌ని ఆపర్చునిటీ అటాక్‌తో (అవకాశం దొరికినప్పుడు అదనంగా కొట్టే దెబ్బ) కొడుతున్నాడంటే, మీ డీఎం (ఆట నడిపే వ్యక్తి) పాత 3.5 ఎడిషన్ రూల్ వాడుతున్నట్టుంది. ఐదో ఎడిషన్‌లో అది లేదు. మీరు అతని అందుబాటు దాటి వెళ్తేనే ఆ దెబ్బ.

ఫైర్ బోల్ట్ (దూరం నుంచి నిప్పు విసిరే మంత్రం) గురి తప్పడానికి కారణం వేరు: మిమ్మల్ని చూడగల శత్రువు 5 అడుగుల్లో ఉంటే రేంజ్‌డ్ అటాక్‌కి (దూరం నుంచి చేసే దాడికి) డిసడ్వాంటేజ్. రెండు డి20లు (20 ముఖాల పాచికలు) వేసి తక్కువది తీసుకోవాలి.

చాలామంది చూడనిది ఇదే: మంత్రం వివరణలో అటాక్ రోల్ (దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి మీరు వేసే పాచిక) అనుందా, సేవింగ్ త్రో (తప్పించుకోడానికి శత్రువు వేసే పాచిక) అనుందా? బర్నింగ్ హ్యాండ్స్ సేవింగ్ త్రో మంత్రం; దానికి పాచిక వేసేది శత్రువే, కాబట్టి మీ డిసడ్వాంటేజ్ దానికి వర్తించదు. అతను సేవ్ చేసుకున్నా సగం డ్యామేజీ తగులుతుంది.

బయటపడాలంటే:
1. ముందు షాకింగ్ గ్రాస్ప్ వేయండి. అది తాకి వేసే మంత్రం, డిసడ్వాంటేజ్ రాదు.
2. తగిలితే ఓర్క్ తన తర్వాతి టర్న్ దాకా ఆపర్చునిటీ అటాక్ చేయలేడు. అప్పుడు వెనక్కి నడవండి.