తాతగారి పొగాకు బ్యారన్‌ను చిత్రాల్లోకి తేవడం గురించి

చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఒంగోలు గిత్తను, సూర్యాస్తమయాన్ని గీసి చూపితే క్యాలెండరు బొమ్మల్లా ఉన్నాయని మీ అధ్యాపకులు తిప్పి పంపారనీ, టంగుటూరు దగ్గరి మీ తాతగారి పొలం నుంచి ఇంకేం తీసుకోవాలో తోచడం లేదనీ రాశారు. అధ్యాపకుల మాట నాకూ సబబుగానే తోచింది. అయితే లోపం గిత్తది కాదు. మూతపడిన పొగాకు బ్యారన్‌ను, అంటే పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే ఆ గదిని, మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, అసలు వస్తువు అదే.

పచ్చి ఆకును కర్రలకు అల్లి బ్యారన్‌లో వరుసలుగా వేలాడదీశాక, గొట్టాల వేడికి సుమారు 5 నుంచి 7 రోజుల్లో అది ఆకుపచ్చ నుంచి పసుపుకూ బంగారు రంగుకూ తిరుగుతుంది. ముందు రంగు మారాలి, తరువాత ఆకు ఆరాలి, చివరకు ఈనె ఎండాలి కనుక వేడిని మెల్లగా పెంచుతూ రాత్రుళ్లు కూడా ఎవరో ఒకరు మేలుకొని చూసుకోవాలి. రోజుకొక చిత్రం చొప్పున ఆ రంగుల మార్పునే ఒక వరుసగా గీయండి. ఆకు జిగురుకు చేతులు ఎలా నల్లబడేవో నాయనమ్మగారిని అడగండి, అది ఫొటోల్లో దొరకదు.

గీతకు కట్టెల బొగ్గు, బొమ్మ వేయడానికి కాన్వాసుగా పొగాకు బేళ్లకు (కట్టలకు) చుట్టే గోనెపట్టా సరిపోతాయి. గోనె మీద నేరుగా తైలవర్ణం వేస్తే నార చివికిపోతుంది కాబట్టి ముందుగా రెండు పూతలు జెస్సో (రంగుకు ముందు పూసే తెల్లని అడుగు పూత) వేసి ఆరనివ్వండి. రంగు కోసమని పొగాకును మాత్రం నానబెట్టకండి. తడి ఆకులోని నికొటిన్ చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది.