జమానతుకు ఎవ్వరూ రాని ఊళ్లె

ప్రశ్న: అన్నా నమస్తే. మాది దేవరకొండ దిక్కు ఊరు, నేను హైదరాబాద్‌ల లా చదువుతున్న. మా ఇంటెన్క ఉండే ఒకాయన, సెంట్రింగ్ పనికి పోతడు, చిన్న దొంగతనం కేసుల ఎనిమిది నెలల సంది జైల్ల ఉన్నడు. బెయిల్ వచ్చి రెండు నెలలాయె, ఇద్దరు జమానతుదార్లు, అంటే పూచీ ఉండేటోళ్లు, కావాలన్నరు, ఊళ్లె ఒక్కరు కూడా వస్తలేరు. న్యాయవ్యవస్థ మారాలె అని నేను రెండు మీటింగులు పెట్టిన, ఫ్లెక్సీ కూడా కట్టిన. మొదటిదానికి పదకొండు మంది, రెండోదానికి నలుగురు. జనాన్ని ఎట్ల కదిలియ్యాలె?

జవాబు: తమ్ముడూ, మీటింగుల ముచ్చట తర్వాత, ముందుగాల ఆయన్ని ఇంటికి తెద్దాం. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు సాఫ్ సీదా చెప్పింది: బెయిల్ వచ్చినంక వారంల మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలె, వాళ్లు మనిషిని పంపి ఆయన పరిస్థితి కనుక్కోవాలె. నెల దాటినా జమానతు పెట్టలేకపోతే షరతు తగ్గించే సంగతి కోర్టు తనంతట తానే చూడొచ్చు. లోకల్ జమానతే కావాలని పట్టుబట్టొద్దని కూడా సూచించింది. నీ మనిషికి రెండు నెలలు దాటినయి గదా, రేపే పోయి ఆ సంస్థ ఆఫీసుల దరఖాస్తు పెట్టు, బెయిల్ ఆర్డర్ కాపీ జతచెయ్యి. జైల్ల ఉన్నోళ్లకు వకీలు ఫ్రీ, ఆదాయం సర్టిఫికెట్ కూడా అడగరు.

ఇంకోటి. ఇది ఆయనకు మొదటి కేసు అయి, ఎక్కువల ఎక్కువ మూడేండ్ల శిక్ష పడేదైతే, అందుల మూడో వంతు, అంటే ఏడాది, లోపలున్నడంటే బాండు మీద విడిచిపెట్టాలని 2024 జులై నుంచి అమలైన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితల ఉన్నది, 479 సెక్షన్. వేరే కేసులుంటే మాత్రం అది వర్తించదు. కానీ బెయిల్ వచ్చినోడు ఏడాది దాకా ఎందుకు ఆగాలె, నాకైతే అది తల్చుకుంటేనే కడుపుల దేవినట్టయితది.

ఊరోళ్లెందుకు వస్తలేరో నాకు తెలుసు, పాస్‌బుక్ పెడితే భూమి పోతదని భయం. నేను మొదటిసారి ఒక కల్లుగీత కార్మికునికి జమానతు ఇయ్యబోయిన్నాడు మా ఇంట్ల పెద్ద లొల్లి, మా అమ్మ రెండ్రోజులు నాతోని మాట్లాడలె. జమానతంటే భూమి రాసిచ్చుడు కాదు, ఆయన పేషీలకు రాకుండ పారిపోతె బాండుల రాసిన పైసలు కోర్టు మనల్ని అడుగుతది. ఇది మైకుల చెప్తే ఎవ్వరికీ ఎక్కదు, ఒక్కొక్కరి అరుగు మీద కూసొని, ఆ బాండు కాయితం చూపిచ్చి చెప్పాలె. ఆ గీత కార్మికుడు బయటికొచ్చి పేషీలు తప్పకుండ తిరుగుతుంటే మా వాడకట్టోళ్లే ముగ్గురు నా దగ్గరికి వచ్చి మా చుట్టం కేసుల ఏం చెయ్యాలె అని అడిగిన్రు, అంతకుముందు నేను ఎన్ని చెప్పినా ఒక్కలు ఇనలె.

నీ లా పుస్తకాలల్ల మోతీరాం కేసు ఉంటది చూడు, 1978. మధ్యప్రదేశ్‌ల ఒక బీద మేస్త్రీకి సుప్రీంకోర్టు బెయిలిస్తే కింది కోర్టు 10,000 రూపాయల జమానతు అడిగింది, తమ్ముడు ముందుకొస్తే నీ ఆస్తి వేరే జిల్లాల ఉన్నదని కాదన్నది. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని 1,000 రూపాయల సొంత బాండుకు తగ్గిచ్చిండు. ఆ తర్వాతి ఏడాది బీహార్ జైళ్ల మీద పేపర్ల వచ్చిన వార్తలు చూసి కపిలా హింగోరాణీ అనే వకీలమ్మ పిటిషన్ ఏసింది, విచారణే లేకుండ ఏండ్లకేండ్లు మగ్గుతున్నోళ్లు వేల మంది బయటపడ్డరు. రెండూ ఎట్ల మొదలైనయో చూడు, ఒకటి ఒక్క మేస్త్రీతోని, ఇంకోటి పేరుపేరున రాసిన ఖైదీల లెక్కతోని. నీ సెంట్రింగాయన ఇంటికొచ్చినంక మీటింగ్ పెట్టు, ఆయన్నే మాట్లాడమను.

ప్రశ్న: సార్, నేను మర్రిగూడ దిక్కు టీచర్‌ని. మన ఊరి సమస్య మీద దరఖాస్తు రాద్దామంటే మా పోరగాళ్లు "పది మందిమి అరిస్తె ఎవడింటడు" అంటున్నరు. ఏం చెప్పాలె?

జవాబు: మీ పోరగాళ్లకు 1996 పార్లమెంట్ ఎలక్షన్ చెప్పండి సార్, వాళ్ల తాతలను అడిగినా చెప్తరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోతున్నయి, నడుములు వంగుతున్నయి, శ్రీశైలం ఎడమగట్టు కాల్వ నీళ్లియ్యమంటే ఎవ్వరూ ఇంటలేరు. దుశర్ల సత్యనారాయణ పెట్టిన జలసాధన సమితి పిలుపిస్తే జనం పొయ్యి నామినేషన్లు ఏసిన్రు, నల్గొండ ఒక్క సీటుకు 480 మంది నిలబడ్డరు! అప్పుడు డిపాజిట్ 500 రూపాయలే. బ్యాలెట్ పేపరు పేపర్ లెక్క లేదు, పుస్తకం లెక్క అచ్చేయాల్సొచ్చింది. గెల్సింది ధర్మభిక్షం గారు, దాదాపు అందరి డిపాజిట్లు పోయినయి, అయినా మన నల్గొండ బాధ దేశమంతా తెల్సింది. అదే ఏడాది డిపాజిట్ 10,000 చేసిన్రు, సర్కారుకు ఎంత తగిలిందో దాన్నిబట్టే అర్థమైతది. ఆ కాల్వ సొరంగం పని ఇంకా మిగిలే ఉన్నది, అది కూడా దాయకుండ చెప్పండి, పిల్లలకు గెలిచిన ముచ్చట్లే చెప్తే మొదటి ఎదురుదెబ్బకే కూలబడ్తరు.

ప్రశ్న: అన్నా, మాది కొల్లాపూర్ దగ్గర. మా ఆయన గుంపు మేస్త్రీ దగ్గర 40 వేలు అడ్వాన్స్ తీస్కొని వేరే రాష్ట్రానికి పనికి పోయిండు. ఇప్పుడు వస్తనంటే రానిస్తలేరంట, అప్పు తీరాలె అంటున్నరు, కూలి కూడా ఇస్తలేరు. నాకు స్టేషన్‌కు పోవాలంటే భయం.

జవాబు: చెల్లె, భయం నాకు అర్థమైతది, పాలమూరు లేబర్ ఇండ్లల్ల ఈ గోస తరతరాల సంది ఉన్నది. కానీ అడ్వాన్స్ పేరు చెప్పి మనిషిని కదలనియ్యకుండ పని చేపిచ్చుకునుడు 1976 చట్టం ప్రకారం వెట్టిచాకిరి, అది నేరం, ఆ అప్పు కూడా చెల్లదు. ఈ పొద్దే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చెయ్యి, పైసలు పడవు, ఆడోళ్లకు ఆదాయం ఎంతున్నా వకీలు ఉచితం. వాళ్లను నీతో మనిషిని పంపమను, ఒక్కదానివే పోకు. పని జరిగేది ఎక్కడైనా సరే మన దిక్కు స్టేషన్లనే జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలె. కలెక్టర్‌కు, ఆర్డీవోకు వేర్వేరుగ దరఖాస్తు పెట్టు, మీ ఆయనతోని లొకేషన్ పంపిచ్చుకో, పని చేస్తున్న జాగ పేరు, మేస్త్రీ పేరు, ఎన్ని రోజులాయె, ఎంత కూలి రావాలె అన్నీ రాయి. విడిపిచ్చినంక విముక్తి పత్రం, అంటే వెట్టి నుంచి విడిపిచ్చినట్టు అధికారులు రాసిచ్చే కాయితం, అడగాలె, అది లేకుండ ఇంటికి రావద్దని మీ ఆయనకు చెప్పు, తక్షణ సాయం 30 వేల దాకా దాంతోనే వస్తది. దరఖాస్తు రెండు కాపీలు రాయి చెల్లె, ఒకదాని మీద ఆఫీసు స్టాంపు కొట్టిచ్చుకొని నీ దగ్గర పెట్టుకో.