ఒక్కరే సాఫ్ట్‌వేర్ బిజినెస్ పెట్టి కొత్త స్టార్టప్ ఫౌండర్లకి పని చేసిపెట్టడం నడుస్తుందా?

మీరడిగింది ఇదీ కదా: కొన్నేళ్లుగా డెవలపర్‌గా జాబ్ చేస్తున్నారు, మానేసి ఒక్కరే బిజినెస్ పెట్టుకుని, ఇంకా ఐడియా దగ్గరే ఉన్న ఫౌండర్లకి మొదటి వెర్షన్ కట్టిద్దామనుకుంటున్నారు, క్లయింట్లు ఎక్కడ దొరుకుతారు, రేటు ఎలా చెప్పాలి, ఏ టెక్నాలజీ పట్టుకోవాలి, ఏఐ వచ్చాక ఈ పని ఉంటుందా, జాబ్ ఎప్పుడు మానాలి అని. నేను చేసేది ఇదే పని కాబట్టి చూసింది చెప్తాను. టెక్నాలజీ సంగతి చివర్లో రెండు ముక్కల్లో తేల్చేస్తా, దానికి అంతకన్నా టైమ్ పెట్టడం వేస్టు.

ముందు ఒక విషయం మైండ్‌లో పెట్టుకోండి. ఈ రకం క్లయింట్లు మీ దగ్గర ఎక్కువ కాలం ఉండరు. ఐడియా ఆడకపోతే డబ్బులైపోయి మూసేస్తారు, ఆడితే ఫండింగ్ తెచ్చుకుని సొంత టీమ్ పెట్టుకుంటారు, ఏది జరిగినా మీకు టాటా చెప్పేస్తారు. మామూలు ఫ్రీలాన్సింగ్‌లో ఒక మంచి కంపెనీ దొరికితే ఏళ్ల తరబడి నెలనెలా ఇన్వాయిస్ పంపుకుంటూ బతికేయొచ్చు, ఇక్కడ ఆ లెక్క కుదరదు. మీరు రేటు పెట్టినా, కాంట్రాక్ట్ రాసినా, కోడ్ రాసినా వీళ్లు వెళ్లిపోతారనే లెక్కలోనే చేయాలి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

డబ్బుల సంగతి. గంటకింత అని చెప్పకండి. ఫౌండర్ పెట్టేది చాలాసార్లు సొంత డబ్బు, గంటకింత అనగానే మీకు ఫోన్ చేయాలన్నా మీటర్ తిరుగుతోందని భయం, డౌట్ అడగరు, అడగకపోతే మీరు తప్పు ఫీచర్ కడతారు. అలాగని మొత్తం యాప్‌కి ఒకే రేటు చెప్పినా మునిగేది మీరే, ఎందుకంటే వాళ్లకే ఇంకా ఏం కావాలో తెలీదు, పది మంది యూజర్లతో మాట్లాడి వచ్చి సగం స్క్రీన్లు మార్చమంటారు, అది వాళ్ల తప్పు కూడా కాదు, ఆ స్టేజ్‌లో వాళ్లు చేయాల్సిన పనే అది. నాకు కుదిరింది ఏంటంటే పనిని రెండేసి వారాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఫిక్స్‌డ్ రేటు, ఆ ముక్క డబ్బులు ముందే. ముక్క అయ్యాక ఇద్దరికీ ఇష్టమైతే తర్వాతది, లేకపోతే నమస్కారం. మొత్తం అయ్యాక ఇస్తానన్న మనిషి మోసగాడు కాకపోవచ్చు, కానీ మీ పని అయ్యేలోపు వాళ్ల అకౌంట్ ఖాళీ అయిపోవచ్చు, అప్పుడు ఎంత మంచివాళ్లైనా ఎక్కడ్నుంచి తెచ్చిస్తారు చెప్పండి.

మొట్టమొదటి ముక్కలో కోడ్ అసలు ఉండకూడదు. ఒక వారం కూర్చుని ఎవరు వాడతారు, ఏ స్క్రీన్లు కావాలి, ఏ డేటా దాచాలి, ముఖ్యంగా ఏది ఇప్పుడు కట్టకూడదు అని రాసిస్తా, దానికీ డబ్బులు తీసుకుంటా. ఆ డాక్యుమెంట్ తీసుకెళ్లి ఇంకొకరితో చేయించుకున్నా నాకేం అభ్యంతరం లేదు. ఫ్రీగా చేస్తే మాత్రం మీరు ఊరికే సలహాలిచ్చే ఫ్రెండ్ అయిపోతారు, ఆ ఫ్రెండ్‌షిప్‌లోంచి బయటపడటం చాలా కష్టం.

ఆ వారంలో ఏం జరుగుతుందో ఒకటి చెప్తా. ఒకావిడ మ్యూజిక్ టీచర్లనీ నేర్చుకునేవాళ్లనీ కలిపే యాప్ కావాలని వచ్చారు. లిస్టులో చాట్, రేటింగ్స్, వ్యాలెట్, రెఫరల్ పాయింట్లు, రెండు యాప్‌లు, అన్నీ ఉన్నాయి. నేను అడిగా, "ఇప్పుడెలా నడుపుతున్నారండీ?" అని. "వాట్సాప్ గ్రూపు, ఒక షీటు" అన్నారు. "మరి తలనొప్పి ఎక్కడొస్తోంది?" అంటే, "ఒకే టైమ్ ఇద్దరికి ఇచ్చేస్తున్నానండీ, పైగా డబ్బులు ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో రోజూ వెతుక్కోవాలి" అన్నారు. అంతే, అసలు పని అక్కడే తేలిపోయింది. స్లాట్ బుక్ చేసుకునే వెబ్ పేజీ ఒకటి, పేమెంట్ లింకు, ఆవిడ చూసుకోడానికి ఒక అడ్మిన్ స్క్రీను. చాట్ వాట్సాప్‌లోనే ఉండనిచ్చాం, చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది టీచర్లకి రేటింగ్స్ దేనికండీ. ఇలాంటప్పుడు నేను జాపోస్ అనే ఆన్‌లైన్ బూట్ల షాపు కథ చెప్తుంటా, 1999లో నిక్ స్విన్‌మర్న్ ఆన్‌లైన్‌లో బూట్లు ఎవరైనా కొంటారా అని చూడటానికి షాపుల్లో ఉన్న బూట్లకి ఫోటోలు తీసి సైట్‌లో పెట్టి, ఆర్డరొస్తే ఆ షాపుకే వెళ్లి కొని పంపాడు, గోడౌన్ లేదు, స్టాక్ లేదు. 2009లో ఆ కంపెనీని అమెజాన్ కొనేసింది. ఫౌండర్లకి ఈ కథ బాగా ఎక్కుతుంది, మనం "వద్దు" అంటే బద్ధకం అనుకునేవాళ్లు కూడా అప్పుడు వింటారు.

మీకు కోడ్ రాయడం ఎలాగూ వచ్చు, ఇలా వద్దని చెప్పడం మాత్రం వస్తుందా లేదా అన్నది ముందు చూసుకోండి. నాకైతే ఫౌండర్లు డబ్బులిచ్చేది సగం దానికేననిపిస్తుంది.

ఇక వాళ్లు వెళ్లిపోయే రోజు గురించి. డొమైన్, కోడ్ దాచుకునే గిట్‌హబ్, క్లౌడ్ అకౌంటు, స్ట్రైప్ లాంటి పేమెంట్ అకౌంటు, స్టోర్ అకౌంట్లు అన్నీ మొదటి రోజు నుంచీ వాళ్ల పేరు మీద, వాళ్ల ఈమెయిల్ మీద, మిమ్మల్ని లోపలికి ఇన్వైట్ చేయాలి అంతే. త్వరగా అవుతుందని మీ అకౌంట్లలో పెట్టేసుకుంటే తర్వాత మార్చడం నరకం, పైగా రేపు ఏదైనా తేడా వస్తే వాళ్ల బిజినెస్‌ని మీరు చేతిలో పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది, ఆ పేరు మనకొద్దు. మొబైల్ యాప్ అయితే ఇంకో మెలిక ఉంది. ప్లే స్టోర్‌లో 2023 నవంబర్ తర్వాత తెరిచిన పర్సనల్ డెవలపర్ అకౌంట్ అయితే యాప్ బయటికి వదిలేముందు క్లోజ్డ్ టెస్టింగ్, అంటే ఎంచుకున్న కొద్దిమందితో వాడించి చూడటం, చేయాలి, మొదట్లో 20 మంది టెస్టర్లు కావాలనేవాళ్లు, తర్వాత 12కి తగ్గించారు, వాళ్లు 14 రోజులు వరసగా టెస్టింగ్‌లో ఉండాలి. కంపెనీ అకౌంట్‌కి ఈ గొడవ లేదు కానీ దానికి డన్స్ నంబర్ (కంపెనీలకిచ్చే ఒక గుర్తింపు సంఖ్య) కావాలి, అది వచ్చేదాకా ఆగాలి. ఇవేవీ తెలీకుండా "సోమవారం లాంచ్" అని ఫౌండర్ అందరికీ చెప్పేసుకుంటే తిట్లు పడేది మీకే. ఆపిల్ వైపు చూస్తే, యాప్‌లో అకౌంట్ క్రియేట్ చేసుకునే వీలుంటే అందులోంచే డిలీట్ చేసుకునే వీలు కూడా ఉండాలని 2022 జూన్ 30 నుంచి రూలు, ఇది మర్చిపోయి రివ్యూలో రిజెక్ట్ అయినవాళ్లని చూశా. అందుకే వీలైతే మొదటి వెర్షన్ వెబ్‌లోనే కట్టమంటాను.

కాంట్రాక్ట్‌లో ఒక లైన్ తప్పకుండా ఉండాలి. చాలా దేశాల్లో బయటి కాంట్రాక్టర్ రాసిన కోడ్ మీద కాపీరైట్, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, రాసినవాళ్లదే. ఇది చాలామంది ఫౌండర్లకి తెలీదు, ఇన్వెస్టర్ తరపు లాయర్ అడిగినప్పుడు పరిగెత్తుకొస్తారు. "ఏ ముక్క డబ్బులు ముడితే ఆ ముక్క హక్కులు మీవి" అని ఫౌండర్‌కి మీరే ముందే రాసిచ్చేయండి, వాళ్లకీ ధీమా, మీకూ రక్షణ. ఒకసారి నేను ముందే తీసుకోకపోయేసరికి ఒక ఫౌండర్ ఆఖరి ముక్క డబ్బులు తర్వాత చూద్దామన్నారు, నేను గొడవేం పడలేదు, ఆ లైన్ చూపించి ఆ కోడ్ పంపకుండా ఊరుకున్నా, ఫండింగ్ పేపర్లు మొదలవగానే వాళ్లే ఫోన్ చేసి కట్టేశారు.

ఈక్విటీ (కంపెనీలో వాటా) ఇస్తాం, డబ్బుల్లేవు అనేవాళ్లు చాలామంది తగుల్తారు. నా కొలబద్ద ఒకటే, అదే మొత్తం నా జేబులోంచి క్యాష్‌గా ఆ కంపెనీలో పెడతానా? పెట్టనంటే నా టైమ్ కూడా పెట్టను. ఎవరికైనా పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ అప్పుడు దాన్ని బిజినెస్ ఆదాయంలో లెక్కేసుకోకండి.

క్లయింట్లు ఎక్కడ అంటే, ఫౌండర్లకి ఫౌండర్లే తెలుసు. పాత క్లయింట్ కంపెనీ మూతపడినా ఆ మనిషి ఎక్కడికీ పోడు, ఇంకో స్టార్టప్ పెడతాడు, లేదా స్నేహితుడికి మీ నంబర్ ఇస్తాడు. కాబట్టి మూసేసేవాళ్లతోనే ఇంకా మర్యాదగా ఉండండి, డేటా ఎక్స్‌పోర్ట్ చేసివ్వడం, సర్వర్లు ఆపి బిల్లులు రాకుండా చూడటం లాంటివి చేసిపెట్టండి. నాకు పని తెచ్చినవాళ్లలో అలా మూసేసినవాళ్లు ఎక్కువ. ఫ్రీలాన్స్ సైట్లలో తక్కువ రేటుకి పోటీపడటం ఈ పనికి సరిపోదు, అక్కడికొచ్చేవాళ్లకి చేతులు కావాలి, సలహా కాదు.

ఏఐ వచ్చాక ఎవరికివాళ్లే కట్టేసుకుంటారు, మన పని ఉంటుందా అని కూడా అడిగారు. నాకైతే పని రూపం మారింది. ఇప్పుడు ఫౌండర్లు ఖాళీ చేతుల్తో రావట్లేదు, ఏఐ టూల్‌తో కట్టిన ప్రోటోటైప్ పట్టుకొస్తున్నారు, పైకి చూడ్డానికి సూపర్‌గా ఉంటుంది. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే బయటపడకూడని ఏపీఐ కీ (వేరే సర్వీసు వాడుకోడానికి పాస్‌వర్డ్ లాంటిది) చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది, సుపాబేస్ అనే ఆన్‌లైన్ డేటాబేస్ సర్వీసు వాడి ఉంటే రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరి డేటా వాళ్లకే కనపడేలా పెట్టే అడ్డు) చాలాసార్లు ఆన్ చేసి ఉండదు, అంటే లాగిన్ లేకుండానే ఎవరైనా అందరి డేటా చదివేయొచ్చు. ఫౌండర్ కళ్ల ముందే ఆ డేటా అడిగే రిక్వెస్ట్ రన్ చేసి, వాళ్ల యూజర్ల ఈమెయిల్స్ స్క్రీన్ మీద వరసగా వస్తుంటే చూపించండి, మీరు వేరే అమ్మకం మాటలు చెప్పక్కర్లేదు. ఇలా సరిచేసే పని చిన్నది, త్వరగా అయిపోతుంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మొదటి ఆర్డర్‌గా చాలా మంచిది.

ఒక్కరే కాబట్టి ఒక టైమ్‌లో ఒక పెద్ద పని, పక్కన ఒక చిన్నది, అంతకు మించి పెట్టుకోకండి. జ్వరమొస్తే ఏంటని క్లయింట్ అడుగుతారు, అడగాలి కూడా, దానికి జవాబు రీడ్‌మీ ఫైలు (ప్రాజెక్ట్ ఎలా నడపాలో రాసిపెట్టేది), ఒక్క కమాండ్‌తో అయ్యే డిప్లాయ్‌మెంటు, ఇంకొకరు వచ్చి అందుకోగలిగే కోడు.

టెక్నాలజీ కూడా అందుకే బోర్ కొట్టేదే ఎంచుకోండి. డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్, దాని మీద వెబ్ ఫ్రేమ్‌వర్కులైన జాంగో, రెయిల్స్, లారవెల్‌లో మీకు నిద్రలో లేపి అడిగినా వచ్చేది ఏదైతే అది. మీ తర్వాత వాళ్లు పెట్టుకునే డెవలపర్ తేలిగ్గా దొరకాలి, అంతే.

జాబ్ ఎప్పుడు మానాలి అంటారా, డబ్బులిచ్చిన మొదటి క్లయింట్ వచ్చి, రెండో వాళ్లు మాటల్లో ఉన్నప్పుడు. ఈలోపు మీ ఇప్పటి కంపెనీతో సంతకం పెట్టిన అగ్రిమెంట్ తీసి చదవండి, బయట పని చేయకూడదనో, ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్ అంతా కంపెనీదేననో క్లాజ్ ఉండొచ్చు. ఆ రెండోది ఉంటే సాయంత్రాలు కూర్చుని క్లయింట్‌కి రాసిన కోడ్ మీది కాకపోవచ్చు, మీది కానిది మీరు వాళ్లకి బదిలీ చేయలేరు, కాబట్టి అది తేలాకే మొదటి ఇన్వాయిస్ పంపండి.