హార్డ్‌టైల్ సైకిల్‌కి ఎయిర్ ఫోర్క్ వేయించుకోవచ్చా? వేయించుకున్నవాడిగా నా జవాబు

మీ ప్రశ్న ఇది: 27.5 అంగుళాల చక్రాల హార్డ్‌టైల్ (వెనక సస్పెన్షన్ లేని) మౌంటెన్ బైక్, ముందు చక్రాన్ని పట్టి కుదుపు మింగే స్ప్రింగ్ ఫోర్క్, దాని ట్రావెల్ (కుదుపుకి ఫోర్క్ లోపలికి దిగే దూరం) 100 మి.మీ., వికారాబాద్ అనంతగిరి దారుల్లో దిగేటప్పుడు చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, 140 మి.మీ. ఎయిర్ ఫోర్క్ వేస్తే లాభం ఉంటుందా, డబ్బు దండగా?

లాభం ఉంటుంది, బాగానే ఉంటుంది. కానీ 140 జోలికి వెళ్లకండి. 100 చాలు, మీ ఫ్రేమ్ ఒప్పుకుంటే 120. నేనూ ఇలాంటి సైకిల్‌కే, ఇదే బాధ పడలేక, స్ప్రింగ్ ఫోర్క్ తీయించి ఎయిర్ ఫోర్క్ వేయించాను. ఇప్పటికీ ఆ సైకిలే తొక్కుతున్నాను.

ముందు మీ పాత ఫోర్క్ ఎంత పనిచేస్తోందో చూడండి. ఫోర్క్ పైభాగంలో నున్నగా మెరిసే గొట్టం ఉంటుంది కదా, దాన్ని స్టాంచియన్ అంటారు. దాని చుట్టూ సన్నటి జిప్ టై కట్టి, కింద రబ్బరు సీలుకి ఆనేలా జరపండి. రాళ్లున్న దారిలో ఒకసారి దిగి వచ్చి చూస్తే, ఆ టై పైకి ఎంత జరిగిందో అదే మీరు వాడుకున్న ట్రావెల్. నా బరువు 58 కిలోలు. 100 మి.మీ. ఉందని చెప్పి అమ్మిన ఫోర్క్‌లో నా జిప్ టై సగం దాటేదే కాదు. మిగతా సగం ఉన్నా లేనట్టే, ఆ కుదుపంతా మణికట్టు మీదకే వచ్చేది.

దీనికి కారణం ఫోర్క్ పాడవడం కాదు. తక్కువ ధర ఫోర్కుల్లో ఒకే గట్టిదనం ఉన్న స్ప్రింగ్ పెట్టి పంపిస్తారు. మధ్యస్థంగా బరువున్న మనిషికి అది సరిపోతుంది. నాలాంటి బక్క మనిషికి అది కదలదు, 95 కిలోల మనిషికి అడుగు తగిలి ఠక్కుమంటుంది. పైన ఉండే ప్రీలోడ్ నాబ్ తిప్పితే స్ప్రింగ్ మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. అది స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి పెడుతుంది, అంతే. స్ప్రింగ్ గట్టిదనం అలాగే ఉంటుంది. ఎయిర్ ఫోర్క్‌లో స్ప్రింగ్ బదులు గాలి కాబట్టి, మీ బరువుకి తగ్గట్టు మీరే పెంచుకోవచ్చు, దించుకోవచ్చు. నా దృష్టిలో డబ్బు పెట్టేది దీనికోసమే. బరువు కొంత తగ్గడం, చూడ్డానికి బాగుండటం ఆ తర్వాతి మాటలు.

ఖర్చు పెట్టేముందు ఒక వారం టైర్లలో గాలి తగ్గించి తొక్కి చూడండి. చాలామంది టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకె దగ్గరికి గాలి కొట్టించి అడవిలోకి వస్తారు. నేను 2.1 అంగుళాల టైర్లలో 45 పీఎస్ఐ నుంచి 28కి దించాక తిమ్మిరి కొంత తగ్గింది. ట్యూబులు వాడుతుంటే మరీ తగ్గించకండి, రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పంక్చర్ అవుతుంది. మీరు ఎక్కువగా ఔటర్ రింగ్ రోడ్ పక్కన సైకిల్ ట్రాక్ మీద, తారు రోడ్ల మీద తిరిగేవాళ్లయితే ఇక్కడితో ఆగిపోండి, ఫోర్క్ అవసరం లేదు.

ఇక అసలు చిక్కు, మీ ఫ్రేమ్‌కి ఏ ఫోర్క్ పడుతుందన్నది. ఇది తేలకుండా ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టకండి. ఫోర్క్ నుంచి పైకి లేచి హ్యాండిల్ స్టెమ్‌లోకి వెళ్లే గొట్టం స్టీరర్. పాత రకం పై నుంచి కింద దాకా 1⅛ అంగుళం, అంటే 28.6 మి.మీ. ఉంటుంది. కొత్త రకం పైన అంతే ఉండి కింద 1½ అంగుళానికి వెడల్పవుతుంది, దాన్ని టేపర్డ్ అంటారు. ఇప్పుడు మంచి ఫోర్కుల్లో ఎక్కువ భాగం టేపర్డే. ఫ్రేమ్ ముందు గొట్టం (హెడ్ ట్యూబ్) లోపలి కొలత 34 మి.మీ. అయితే టేపర్డ్ ఫోర్క్ ఏం చేసినా పట్టదు. ఆ లోపలి కొలత పై నుంచి కింద దాకా 44 మి.మీ. ఉంటే మాత్రం దారి ఉంది: కింది కప్పు బయటికి ఉండే హెడ్‌సెట్ (స్టీరర్ తిరిగే బేరింగుల సెట్టు), ఈసీ44/40 అని రాసి ఉంటుంది, అది వేసి టేపర్డ్ ఫోర్క్ ఎక్కించవచ్చు. బయటినుంచి చూస్తే పొరపడొచ్చు కాబట్టి కంటితో తేల్చుకోవద్దు. హెడ్‌సెట్ కప్పుల మీద ఈసీ34 అనో జెడ్ఎస్44 అనో ముద్ర ఉందేమో చూడండి. లేకపోతే ఫోర్క్ విప్పించి వెర్నియర్‌తో కొలిపించండి.

రెండోది ముందు చక్రం. మీది 9 మి.మీ. క్విక్ రిలీజ్ (లివర్ తిప్పి చక్రం ఊడదీసే రకం) అయి ఉంటుంది. 15 మి.మీ. త్రూ యాక్సిల్ (చక్రం గుండా దూరే లావు ఇరుసు) ఫోర్క్ గట్టిగా ఉంటుంది, నిజమే, కానీ మీ హబ్ (చక్రం మధ్య భాగం) దానికి మారే రకం కాకపోతే చక్రం కూడా కొనాలి. 110 మి.మీ. బూస్ట్ (వెడల్పు హబ్ కొలత) అని రాసి ఉంటే మీ పాత చక్రంతో కుదరదు. నేను చక్రం మార్చదలచుకోలేదు కాబట్టి స్ట్రెయిట్ స్టీరర్, క్విక్ రిలీజ్‌తో దొరికేవే వెతికాను. రాక్‌షాక్స్ కంపెనీలో జూడీ సిల్వర్ టీకే, రీకాన్ సిల్వర్ ఆ రకంలో వస్తాయి. సన్‌టూర్‌లో ఎక్స్‌సీఆర్ ఎయిర్ ఉంది. మీ సైకిల్‌కి డిస్క్ బ్రేకులు కాక రిమ్ము పట్టే వీ బ్రేకులుంటే, ఈ ఫోర్కులకి అవి బిగించే బొడిపెలు ఉండవని గుర్తుంచుకోండి.

140 ఎందుకు వద్దన్నానంటే, ట్రావెల్ 20 మి.మీ. పెరిగితే సైకిల్ ముందు భాగం పైకి లేచి హెడ్ యాంగిల్ (హెడ్ ట్యూబ్ వాలు) సుమారు ఒక డిగ్రీ వాలుతుంది. 40 పెంచితే ఎక్కుడులో ముందు చక్రం నేలని సరిగ్గా పట్టదు, మలుపుల్లో హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. అంతకంటే ముఖ్యం, పొడవైన ఫోర్క్ ప్రతి గుంతలోనూ మీ ఫ్రేమ్ హెడ్ ట్యూబ్ వెల్డింగుని ఎక్కువ బలంతో మెలిపెడుతుంది. 100కి చేసిన ఫ్రేమ్ అది తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. పగిలితే వారంటీ కూడా రాదు.

బిగించే పనిలో ఒక్క చోట మీరు దగ్గరుండాలి, స్టీరర్ కోసేటప్పుడు. మా గ్రూపులో ఒకతనికి షాపులో పాత స్టీరర్ పక్కన పెట్టి చూడకుండా కోసేశారు, స్టెమ్ పట్టుకోడానికి చాలినంత మిగల్లేదు, కొత్త ఫోర్క్ వృథా అయింది. పాతదాని పొడవు కొలిచి, స్టెమ్ కింద వేసే ఒకట్రెండు స్పేసర్లకు (రింగులకు) సరిపడా అదనంగా ఉంచి కోయించండి. ఎక్కువైతే మళ్లీ కోసుకోవచ్చు. స్టెమ్ పై అంచుకంటే స్టీరర్ సుమారు 3 మి.మీ. లోపలికి ఉండాలి. అప్పుడే పై మూత బోల్టు బేరింగుల్ని బిగపట్టగలదు. ముందు ఆ బోల్టు, తర్వాత స్టెమ్ పక్క బోల్టులు. ఆ వరుస తప్పితే హెడ్‌సెట్ లూజుగానే ఉంటుంది. అయ్యాక ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి, హెడ్‌సెట్ దగ్గర టకటకమనకూడదు.

దీంతోపాటు షాక్ పంపు కొనుక్కోండి. ఫోర్క్‌లో పట్టే గాలి చాలా తక్కువ కాబట్టి పెట్రోల్ బంకు కంప్రెసర్ అసలు పెట్టకూడదు. ఫోర్క్ కాలి (స్టాంచియన్ దూరే కింది గొట్టం) మీద బరువుకి ఎంత గాలో చెప్పే స్టిక్కర్ ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. హెల్మెట్, బ్యాగు, నీళ్లు అన్నీ వేసుకుని, ఎవరైనా హ్యాండిల్ పట్టుకుంటే నెమ్మదిగా ఎక్కి పెడల్స్ మీద నిలబడండి. 100 మి.మీ. ఫోర్క్ అప్పుడు సుమారు 20 మి.మీ. దిగాలి. దీన్ని సాగ్ అంటారు. తర్వాత రీబౌండ్, అంటే నొక్కుకున్న ఫోర్క్ తిరిగి లేచే వేగం, దానికి కుడి కాలి అడుగున ఉండే చిన్న నాబ్. ఒక వైపు కుందేలు, ఇంకో వైపు తాబేలు బొమ్మ ఉంటాయి. హ్యాండిల్‌ని గట్టిగా నొక్కి వదిలితే ఫోర్క్ చురుగ్గా లేవాలి, చక్రం మాత్రం ఎగరకూడదు. తక్కువ బరువున్నవాళ్లు కుందేలు వైపు జరపాల్సి వస్తుంది. ఒకే దిగుడు ముక్కని మళ్లీ మళ్లీ తొక్కుతూ, ఒక్కోసారి ఒక్కటే మార్చండి. నాకు స్టిక్కర్ చెప్పినదానికంటే కాస్త తక్కువ గాలి కుదిరింది. అనంతగిరి ఎర్రమట్టిలో తేలే వేళ్ల మీద ముందు చక్రం ఎగిరిపడకుండా అంటిపెట్టుకుని వెళ్లడం అప్పుడే మొదటిసారి చూశాను. జిప్ టై కూడా చివరిదాకా వెళ్లింది.

వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే ప్రెషర్ గన్ సీళ్ల మీద పెట్టనివ్వద్దు, నీళ్లు లోపలికి పోతాయి. ఇంటికి రాగానే స్టాంచియన్ల మీద దుమ్ము మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. రాక్‌షాక్స్ వాళ్లు 50 గంటల వాడకానికి ఒకసారి కింది కాళ్లు విప్పి నూనె మార్చమంటారు. మన దుమ్ముకి అది ఎక్కువేమీ కాదు, వాయిదా వేయకండి.

మీ బరువు, హెడ్‌సెట్ మీద ఉన్న అంకెలు, ముందు యాక్సిల్ రకం ఇక్కడ రాస్తే ఏ ఫోర్క్ పడుతుందో చూసి చెప్తాను.