ప్రార్థన రావడం లేదన్న చిన్నతల్లికి

చిన్నతల్లికి పెద్దమ్మ రాయునది,

ప్రభువు నామంలో వందనాలు. గుత్తిలో అందరం బాగున్నాం. నీ వాయిస్ మెసేజీ విన్నా. ఫోన్లో చెప్తే మధ్యలో మీ అత్త పిలుస్తుంది, నువ్వు లేచిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

గృహ ప్రార్థనలో పాస్టరుగారు "కొత్త కోడలమ్మ ప్రార్థన చేస్తుంది" అనేసరికి నీకు నాలుక పిడచకట్టుకు పోయిందన్నావు. అందులో తలదించుకోవాల్సింది ఏముంది? బైబిల్లో బిడ్డలు లేని హన్నా బిడ్డ కోసం మందిరంలో ప్రార్థన చేస్తూ పెదవులు కదిలించిందే గాని గొంతు బయటికి రాలేదు. యాజకుడైన ఏలీ ఆమెను తాగుబోతనుకున్నాడు. దేవుడు మాత్రం విన్నాడు.

నీకు ఆ పెద్ద పెద్ద మాటలు రావడం లేదని బెంగ. రాకపోతేనే మేలు. మన సంఘాల్లో కొందరికి ప్రార్థన మొదలుపెట్టగానే గొంతు మారిపోతుంది, రెండు మాటలకొకసారి "ప్రభువా ప్రభువా" అని తగులుతుంది. ఇంకొందరు కండ్లు మూసుకొని పక్కింటోళ్లకు చురకలు వేస్తారు. "ప్రభువా, ఆదివారం ఆలస్యంగా వచ్చే బిడ్డలను దిద్దు తండ్రీ" అంటే అది దేవునితో అన్న మాటనా, ఎదురుగా కూర్చున్న కోడలితో అన్న మాటనా? నువ్వు ఆ అలవాటు చేసుకోవద్దు. మీ నాయనతో మాట్లాడినట్లే మాట్లాడు, మన అనంతపురం మాటలోనే. మొదట ఆ రోజు కండ్లారా చూసిన మేలు ఒకటి చెప్పు. తరువాత ఆ ఇంట్లో ఉండే కష్టం ఒకటి పేరుపెట్టి అడుగు. ఆపైన అందరితో కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పి ముగించు. ఆ ప్రార్థన చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. శిష్యులు "మాకు ప్రార్థన చేయ నేర్పుము" అని అడిగితే ఆయన ఇచ్చింది అంతే. యేసుప్రభువు చెప్పిన కథలో పన్ను వసూలుచేసే సుంకరి అయితే ఒక్క వాక్యంతోనే సరిపెట్టినాడు, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అని.

ఒంటరిగా చేసేది వేరే సంగతి. అది రోజూ ఉండాలి, ఒకే వేళకు ఉండాలి. మూడ్ వచ్చినప్పుడు చేద్దాంలే అంటే ఆ మూడ్ రాదు. మీ మామా, మీ ఆయనా తెల్లారకముందే చేనికి పోతారన్నావు కదా, పొయ్యి ముట్టించే లోపల ఆ కాసేపు నీది. యేసుప్రభువు కూడా చాలా చీకటి ఉండగానే లేచి పోయినాడని మార్కు రాసినాడు. ప్రార్థనకు గదిలోకి పోయి తలుపు వేసుకొమ్మని ఆయనే అన్నాడు గాని, మీ ఇంట్లో మూసుకోవడానికి గది లేదు, నాకు తెలుసు. తలమీద కొంగు కప్పుకొని గోడవైపు తిరిగి కూర్చో. నాలుగు దినాలకు ఇంట్లోవాళ్లకే అర్థమవుతుంది, ఆ పొద్దు నిన్ను పిలవరు.

కూర్చున్నాక మనసు బ్యాంకు అప్పు మీదికి పోతుంది, బోరు మీదికి పోతుంది, ఆడపడుచు అన్న మాట మీదికి పోతుంది. దాన్ని లాక్కొచ్చే పని పెట్టుకోవద్దు. అది పోయిన చోటికే నువ్వూ పో, ఆ అప్పు గురించే చెప్పు. ఏమీ రాని దినం కీర్తన ఒకటి గట్టిగా చదివి లే. సంఘం ఆరాధన క్రమం పుస్తకంలోని ప్రార్థనలు చూసి చదివినా తప్పులేదు. చూసి చదివేది ప్రార్థన కాదనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట పట్టించుకోవద్దు.

ఇప్పుడు వాన సంగతి. నీ గొంతు బొంగురు పోయింది ఆడే.

చెనక్కాయ ఊడలు దిగే అదునులో ఇరవై దినాలు చుక్క లేకపోతే ఇంక ఆ చేను ఏమవుతుందో నాకు నువ్వు చెప్పాల్సిన పనిలేదు. మన జిల్లాలో ఏడాదికి సగటున పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ అదునుకు పడదు. మీరు ఉపవాసముండి ప్రార్థన చేసినారు. మీ చేను ఎండింది, రోడ్డుకు అవతలివాళ్ల చేనుకు పడింది. ఆ వచ్చిన బోధకుడు "మీలో విశ్వాసం చాలలేదు" అన్నాడు.

ఆ మాట అక్కడే వదిలెయ్. దేవుడు నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వాన కురిపిస్తాడని చెప్పింది యేసుప్రభువే. వాన కూటాల్లో అందరూ ఏలీయా ప్రవక్తను ఎత్తుకుంటారు, మేఘం వచ్చిందేమో చూడమని ఏడుసార్లు దాసుని పంపినాడు, మనిషి చెయ్యంత మేఘం లేచింది అని. అదే ఏలీయా తరువాతి అధ్యాయంలోనే బదరీ చెట్టు కింద పడి చావు కోరుకున్నాడని ఎవరూ చదవరు. అప్పుడు దేవుడు విశ్వాసం చాలలేదని తిట్టలేదు. నిద్రపోనిచ్చినాడు, దూతతో రొట్టె, నీళ్లు పంపినాడు. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చినాడు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధను తీసెయ్యమని ముమ్మారు వేడుకున్నాడు, అది పోలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆ శ్రమల గిన్నె తొలగించమని అడిగినవాడు ఎవరో నీకు తెలుసు, ఆ గిన్నె తొలగలేదు. వీళ్లందరికీ విశ్వాసం చాలలేదందామా?

కోపం వస్తే ఆయన ముందరే కోపపడు. పదమూడో కీర్తన మొదలయ్యేదే "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని. ఎనభై ఎనిమిదో కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. మీ మామకు ఇప్పుడు ధైర్యం చెప్పే వాక్యాల కంటే ఆ కీర్తనే సరిపోతుందేమో. చదివి గమ్మున పక్కన కూర్చో.

ఇంకొక్కటి. దేనికోసం అడుగుతావో దాని పని కూడా చెయ్యాలి. మీ మామ కోసం ప్రార్థన చేసి, పంట బీమా కాగితాలు బీరువాలో పెడితే ఎట్లా? రైతు సేవా కేంద్రానికి మీ ఆయన్ను తోలు. చంటోనికి జ్వరం వస్తే పాస్టరుగారితో ప్రార్థన చేయించి నూనె రాయించుకొనేది తరువాత, ముందు కళ్యాణదుర్గం ఆస్పత్రికి తీసుకుపో. ఆకలిగా ఉన్నవానికి ఏమీ పెట్టకుండా "సమాధానముగా వెళ్లుడి" అనేవాళ్ల గురించి యాకోబు ఏమన్నాడో చదువు, రెండో అధ్యాయం. మీ అత్త మీద కోపం ఉన్న దినం ఆమె పేరు తప్పకుండా ఎత్తు. ఆమెను మార్చమని కాదు, ఆమె మోకాళ్ల నొప్పి కోసం.

వచ్చే శుక్రవారం కూటం మీ ఇంట్లోనే అన్నావు. నూట ఇరవై ఒకటో కీర్తన పెట్టుకో, చిన్నది. పిల్లోళ్లతో చదివించు. టీకి పాలు ముందే చెప్పిపెట్టు, అందరూ ఆలస్యంగానే వస్తారు. దసరా సెలవులకు వస్తా. మీ అత్తకు పెద్ద అక్షరాల బైబిలు కావాలన్నావు కదా, ఆమె అద్దాల నంబరు ఎంతో కనుక్కొని చెప్పు, అద్దాలూ చేయించుకొని వస్తా.

ఇట్లు,
మీ పెద్దమ్మ