అర్థమైందా అని అడగడం మానేశా

ఈసారి పాఠకుల ప్రశ్నలకి కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఒక లెక్చరర్ మేడమ్ జవాబులు

ప్రశ్న: మేడమ్, ఈమధ్యే లెక్చరర్‌గా చేరాను. బాగా ప్రిపేరయ్యే క్లాసుకి వెళ్తాను, బోర్డు నిండా రాస్తాను, చివర్లో అర్థమైందా అంటే అందరూ అర్థమైంది మేడమ్ అంటారు. తీరా పరీక్ష పెడితే పేపర్లు ఖాళీ. మీరెలా చెప్తారు?

జవాబు: ముందు ఆ అర్థమైందా మానేయండమ్మా. దానికి అవునని తప్ప వేరే జవాబు రాదు, కాలేదు అన్నవాడు క్లాసంతటి ముందు తెలివితక్కువవాడైపోతాడు, అదీ బెల్ కొట్టే టైమ్‌కి అన్నాడంటే పక్కవాళ్లు వాణ్ణి బతకనివ్వరు. అలాగని అయింది అన్నవాళ్లు అబద్ధమేం ఆడట్లేదు, మీరు చెప్తుంటే నిజంగానే అంతా తేలిగ్గా అనిపిస్తుంది, కష్టమంతా మీరే పడుతున్నారు కదా మరి.

నేనేం చేస్తానంటే పాఠం కంటే ముందు ప్రశ్న వేస్తా. న్యూటన్ మూడో నియమం తీసుకోండి, నిద్రలో లేపి అడిగినా చర్యకి ప్రతిచర్య సమానం, వ్యతిరేకం అని అప్పజెప్పేస్తారు. సరే, లోడు లారీ వచ్చి చిన్న కారుని గుద్దింది, కారు మీద లారీ చూపించిన బలం ఎక్కువా, లారీ మీద కారు చూపించింది ఎక్కువా, రెండూ సమానమా అంటా. చాలామంది లారీదే ఎక్కువంటారు, ఇందాక సమానం అని గడగడా చెప్పినవాళ్లే! బలాలు రెండూ సమానమే, కారు ద్రవ్యరాశి తక్కువ కాబట్టి అదే బలానికి దాని వేగం ఎక్కువగా మారిపోతుంది, అంతే సంగతి. కానీ ఈ మాట నేను వెంటనే చెప్పను, ఎవరి జవాబు వాళ్లని కాగితం మీద రాయమంటా, తర్వాత వేరే జవాబు రాసినవాళ్లతో వాదించుకోమంటా, మళ్లీ రాయిస్తా, అప్పుడు నోరు విప్పుతా.

ఇది నా సొంత తెలివేం కాదు లెండి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి. ఆయన కూడా మనలాగే బాగా చెప్తున్నాననుకుని, ఇలాంటి మామూలు ప్రశ్నలతో ఒక టెస్ట్ పెట్టారట, అప్పుడొక స్టూడెంట్ ఈ ప్రశ్నలకి మీరు నేర్పినట్టు రాయాలా, మామూలుగా నేను ఆలోచించేట్టు రాయాలా అని అడిగిందట. మన క్లాసుల్లో కూడా ఆ రెండూ వేర్వేరుగానే ఉంటాయి, లెక్కలు బట్టీపట్టి చేసేసేవాళ్ల దగ్గర అది పరీక్షలో కూడా బయటపడదు.

ఇంకోటి, ప్రశ్న వేశాక ఆగండి. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో టీచర్ల క్లాసులు రికార్డ్ చేసి చూస్తే, ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారంతే, తర్వాత వాళ్లే జవాబు చెప్పేస్తున్నారు లేదంటే ఇంకొకర్ని అడుగుతున్నారు. మూడు సెకన్లు దాటి ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, తెలీదు అనడం తగ్గింది. మూడు సెకన్లే కదా అనుకోకండి, క్లాసు ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది అదెంత ఇబ్బందో. నేనైతే ప్రశ్న వేసేసి నెమ్మదిగా బోర్డు తుడుస్తుంటా, నా నోటికి నేనే తాళం వేసుకోడానికి.

తప్పు జవాబొస్తే తప్పు అనను, అలా ఎందుకనిపించింది అంటా. కరెక్ట్ జవాబొచ్చినా ఇదే అడుగుతా, ఇది మాత్రం మర్చిపోకండి, తప్పుకి మాత్రమే ఎందుకు అని అడిగితే పిల్లలు రెండ్రోజుల్లో పసిగట్టేస్తారు, మేడమ్ ఎందుకు అందంటే జవాబు మార్చేయాలి అని. సగం సార్లు కరెక్ట్ జవాబు వెనక కారణం తప్పుడుదే ఉంటుంది, అది బయటికి లాగడంలో మజా వేరు.

ప్రశ్న: మా సార్ పాఠం తక్కువ చెప్పి మాచేతే డిస్కషన్ చేయిస్తారు. గంట వేస్టయినట్టుంది. మేము మోసపోతున్నామా? (డిగ్రీ స్టూడెంట్)

జవాబు: అలా అనిపించడం సహజమే నాన్నా. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనే దీన్ని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు, అదే పాఠాన్ని కొందరికి చక్కటి లెక్చర్‌గా చెప్పారు, కొందరిచేత వాళ్లలో వాళ్లే చర్చించుకుంటూ ప్రశ్నలు చేయించారు, తర్వాత టెస్ట్ పెడితే చేసినవాళ్లకే ఎక్కువ వచ్చింది కానీ మేం తక్కువ నేర్చుకున్నాం అన్నది కూడా వాళ్లే. తల నొప్పెట్టేలా ఆలోచిస్తే ఏమీ రావట్లేదనిపిస్తుంది మరి. సైన్స్, ఇంజనీరింగ్, మ్యాథ్స్ క్లాసుల మీద జరిగిన 225 స్టడీలు కలిపి 2014లో చూసినప్పుడు లెక్చర్ మాత్రమే విన్న క్లాసుల్లో ఫెయిలైనవాళ్లు దాదాపు 34 శాతం, ఇలా పని చేయించిన క్లాసుల్లో 22 శాతం.

అయితే మీ సార్‌ని గుడ్డిగా వెనకేసుకు రాను. డిస్కస్ చేయండి అనేసి ఆయన కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే మీ అనుమానం కరెక్టే. బెంచీల మధ్య తిరిగి మీ మాటలు వింటున్నారా, చివర్లో ఏది రైటో ఎందుకు రైటో తేల్చి చెప్తున్నారా అన్నది చూడు.

ప్రశ్న: ఇలా చేస్తూ పోతే సిలబస్ ఎప్పటికి అవుతుంది మేడమ్?

జవాబు: క్లాసులో మొత్తం అవ్వదు. పెద్ద డెరివేషన్లు ప్రింట్ ఇచ్చేసి చదువుకు రమ్మంటా, మర్నాడు మొదటి ఐదు నిమిషాలు పుస్తకం మూయించి గుర్తున్నది రాయిస్తా, మార్కులుండవు. 2006లో రోడిగర్, కార్పికే అని ఇద్దరు సైకాలజిస్టులు చూపించారు, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకి ఐదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్ట్‌లో ఎక్కువ గుర్తుంది, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. పరీక్ష ఐదు నిమిషాలకి కాదు కదా ఉండేది.

ప్రశ్న: వెనక బెంచీల్లో ఫోన్లు చూసేవాళ్లని ఏం చేస్తారు?

జవాబు: రాసే పనుంటే సగంమంది వాళ్లంతట వాళ్లే లోపల పెట్టేస్తారు. అయినా చూసేవాడు చూస్తాడు, అందరి ముందూ నిలబెడితే వాడు హీరో అయిపోతాడు కాబట్టి క్లాసయ్యాక పేరు పెట్టి పిలిచి విడిగా మాట్లాడతా, పేర్లు గుర్తుంచుకోవడం మాత్రం నాకు ఇప్పటికీ తలనొప్పే.