మానసిక జబ్బుకు మందులు వాడే మనిషి సంతకం చెల్లదా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అన్నయ్య స్కిజోఫ్రీనియాకు బరంపురంలో చూపించుకుని ఏళ్ల తరబడి మాత్రలు వాడుతున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, నా దగ్గరే ఉంటాడు. పంపకాల్లో తన వాటాకొచ్చిన ఎకరం పొలం నాకు దానపత్రం రాస్తానంటున్నాడు. మా అక్క కొడుకులు ‘పిచ్చివాడి సంతకం చెల్లదు, కోర్టుకెళ్తాం’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. జబ్బు పేరొక్కటే చూపి సంతకాన్ని కొట్టేయించలేరు. డాక్టరు ఆ పేరు పెట్టేది వైద్యం కోసం. కోర్టు చూసేది వేరు. ఆస్తి బదిలీ చేసేవారికి కాంట్రాక్టు చేసుకునే అర్హత ఉండాలి. రాసే సమయానికి ఆ లావాదేవీ ఏమిటో అర్థమై, తనకు కలిగే మంచిచెడ్డలు బేరీజు వేసుకోగలిగితే ఆ అర్హత ఉన్నట్టేనని కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను చెబుతోంది. తరచూ మతి తప్పే మనిషి కూడా తేరుకున్న వేళ రాయవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3(5) సెక్షను ఇంకా సూటిగా ఉంది: మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదు, ఆ మాట కోర్టే తేల్చాలి.

మీకు అసలు చిక్కు మరోచోట ఉంది. అన్నయ్యను చూసుకునేది మీరే, పొలం వచ్చేదీ మీకే. జబ్బువల్ల మనసు బలహీనపడిన మనిషిని లోబరుచుకుని రాయించుకున్నారని కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను కింద దావా వేస్తే, నిజాయితీ రుజువు చేసుకునే భారం మీ మీద పడవచ్చు. అందుకే దస్తావేజు రాయించే పనికి మీరు దూరంగా ఉండండి. అన్నయ్య తన తరఫున వేరే వకీలును పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ రోజునో ముందురోజో సైకియాట్రిస్టును కలవాలి. సర్టిఫికెట్‌లో ‘జబ్బు అదుపులో ఉంది’ అన్న ఒక్క ముక్క చాలదు. ఏ పొలం, ఎంత, ఎవరికి, ఎందుకు ఇస్తున్నాడు, ఇచ్చాక తన తిండికి ఆధారమేమిటి అని అడిగి, అతను చెప్పిన జవాబులు అతని మాటల్లోనే రాయించండి. ఇది చాలామంది వదిలేస్తారు, కేసు అక్కడే దెబ్బతింటుంది.

మీ దగ్గర దస్తావేజు ఒడియాలో రాస్తారు. అన్నయ్యకు ఆ లిపి రాకపోతే, తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకున్నాడని అందులోనే ఉండాలి. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. మీ భార్య తరఫువాళ్లు వద్దు. అతను బతికుండగానే మీరు దానాన్ని స్వీకరించాలి.

చూడ్డానికి మతిస్థిమితం లేనట్టు తోస్తే రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షను కింద సబ్‌రిజిస్ట్రారు నిరాకరిస్తారు. అలా జరిగితే ఉత్తర్వు కాపీ తీసుకుని 30 రోజుల్లోగా జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేయండి.